ఎనభై ఆరో గీత

"యంత్రం గొంతు మారిపోనాదమ్మా," అన్నాడు సూరయ్య.

లాకప్పు ఊచలకి అవతల గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. అరవై రెండేళ్ల వడ్రంగి. చేతులు రెండూ ఒళ్లో వెల్లకిలా పడేసి, అవి తనవి కానట్టు వాటికేసే చూస్తున్నాడు. సోమవారం పొద్దున పదకొండుంబావు అయింది. సూరయ్య కూతురు పిలిపించిన డిటెక్టివ్ దుర్గాభవానికి హెడ్డు కానిస్టేబులు ఇచ్చిన గడువు పది నిమిషాలు.

"గొంతు మారడమంటే?"

"దినమూ ఆ యంత్రం ఇటునుంచి అటు, అటునుంచి ఇటు ఈలేసుకుంటూ ఎల్తాది. నిన్న అలగ లేదు. ఒకే సోట కూకోని పొడుస్తన్నట్టు ఉన్నాది. వడ్రంగోడి సెవి తల్లీ. సెక్క ఏడిస్తే తెలుస్తాది."

"ఎస్సైగారికి చెప్పావా?"

"సెప్పినాను. సెవుల డాక్టరుకి సూపించుకో అన్నాడు."

భవానికి నవ్వు రాలేదు. ఆదివారం మధ్యాహ్నం, చీపురుపల్లికి రెండు కిలోమీటర్ల దూరాన ఒక పెంకుటింటి పెరట్లో, ఇరవై తొమ్మిదేళ్ల ప్రమోద్ తల పగిలి చచ్చి పడున్నాడు. పక్కన నెత్తురంటిన కొయ్యసుత్తి ఉంది, అది సూరయ్యది. ఆ పెరటి షెడ్డులో ప్రమోద్ ఇంట్లోనే కట్టుకున్న సీఎన్‌సీ యంత్రం ఉంది. కంప్యూటర్ ఎలా చెబితే అలా చెక్క మీద లతలూ బొమ్మలూ చెక్కి పెడుతుంది. అది వచ్చాక సూరయ్య ఉలికి పని తగ్గింది. రెండు నెలల కిందట టీకొట్టు దగ్గర నలుగురి ముందూ "నీ యంత్రం నడుం ఇరగ్గొడతాన్రా" అని అరిచాడు కూడా. ఎస్సై దేవేంద్రకి ఇంకేం కావాలి? నిన్న సాయంత్రం అయిదింటికి బేడీలు వేసేశాడు. ఇవాళ సాయంత్రం అయిదు లోపల మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి రిమాండుకి పంపించేస్తాడు.

రిమాండు అనే మాట భవానికి పడదు. రెండేళ్ల కిందట ఇలాగే ఒక మనిషి నిర్దోషి అని పదోరోజుకి రుజువు సంపాదించింది. తొమ్మిదో రోజునే అతను సబ్‌జైల్లో లుంగీతో ఉరి పోసుకున్నాడు. ఆ రుజువు కాగితాలు ఇప్పటికీ విజయనగరంలో ఆమె ఆఫీసు బీరువాలో ఉన్నాయి. పారెయ్యడానికి చేతులు రావు.

"నిన్న నువ్వు షెడ్డుకి ఎన్నింటికి వెళ్లావు?"

"పన్నెండున్నర అయ్యుంటాది. నరసన్నపేటలో ద్వారబందం నిలబెట్టే పని. ముహూర్తం పది నలభై రెండు. పంతులుగారు సై అనగానే ఎత్తినాను. తాంబూలం పుచ్చుకోని బండెక్కి నేరుగా వచ్చేసినాను. కుర్రోడు రమ్మన్నాడు. పీట సెక్కుతన్నాను మావా, కాళ్లు మట్టుకు నీ సేత్తోనే బిగించాల అన్నాడు. అందుకే శనివారం నాడే సుత్తి అక్కడ ఒగ్గేసినాను."

"మరి కొట్లాట?"

"అది ఎప్పుడో అయిపోనాది. ఆడే ఇంటికొచ్చి మా కూతురు సిన్నతల్లి సేతి అన్నం తిని ఎల్లినాడు." సూరయ్య ఊచల దగ్గరికి జరిగాడు. "తలుపు మూసి ఉన్నాది. లోపల యంత్రం నడుస్తాంది. బయట రాయి మీద కూకున్నాను. యంత్రం ఆగినాక కేకేసినాను. పలకనేదు. నన్ను రమ్మని తలుపేసుకున్నాడు గదాని ఉక్రోసం వచ్చి ఎల్లిపోనాను. తలుపు తోసినా బాగుణ్ను."

హెడ్డు కానిస్టేబులు తాళాల గుత్తి గలగలలాడించాడు. భవాని లేచింది.

* * *

పన్నెండున్నరకి ప్రమోద్ ఇంటి ముందు ఆటో దిగేసరికి గేట్లోంచి తెల్ల కారు బయటికి వస్తోంది. నడుపుతున్న యువకుడు పద్ధతిగా కారు ఆపి, అద్దం దించి నమస్కారం పెట్టాడు. పేరు త్రినాథ్, ప్రమోద్ తల్లికి స్వయానా అన్నగారి కొడుకు. శ్రీకాకుళంలో ఒక శిక్షణ కేంద్రంలో ఎలక్ట్రానిక్స్ మాస్టారు. పక్క సీట్లో ప్రమోద్ చెల్లెలు సింధూరి. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది.

"విజయనగరం ఆస్పత్రికి మేడమ్. బాడీ ఇవ్వాలంటే ఇంటోళ్ల సంతకం కావాలట," అన్నాడు.

భవాని తన పేరున్న కార్డు సింధూరి చేతిలో పెట్టింది. "ఏమైనా గుర్తొస్తే ఫోన్ చెయ్యమ్మా," అంది. తరవాత త్రినాథ్ వైపు తిరిగి, దాచడానికేముందిలే అనుకుని, ఉన్న మాట చెప్పేసింది. "యంత్రం చూద్దామని వచ్చాను బాబూ. శబ్దం మారిందని సూరయ్య అంటున్నాడు. ఒక పక్క కదలిక ఆగిపోయి ఉంటుందని నా అనుమానం. ఎక్కడ ఆగిందో గీతలు లెక్కపెడితే తెలిసిపోతుంది."

గేరు మీద అతని చెయ్యి ఒక్క క్షణం ఆగింది. చచ్చిపోయిన మనిషి పని గుర్తొచ్చి ఉంటుంది పాపం అనుకుంది భవాని.

"సూడండి మేడమ్. కాని ఒక్క మాట. కరెంటు ఉండగా మోటారు ప్లగ్గు పీకకండి. కరెంటు పంచే డ్రైవర్ బోర్డు కాలిపోతాది."

"ముప్ఫై ఏళ్లు టెలిఫోన్ తీగలతో కాపరం చేశాను నాయనా. జాగ్రత్తగానే ఉంటాను."

కారు వెళ్లిపోయింది. ఆ నాలుగు మాటలూ ఎందుకు అన్నానా అని ఆమె తరవాత చాలా కాలం తనని తాను తిట్టుకుంది.

* * *

ప్రమోద్ తల్లి మహాలక్ష్మమ్మ వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఏడుపు అయిపోయింది, కళ్లు మాత్రం ఆరలేదు. భవాని చాప మీద ఆమె పక్కనే కూర్చుని సొంత అక్కని అడిగినట్టు నెమ్మదిగా అడిగింది.

"నిన్న పొద్దున ఏం జరిగిందో వరసగా చెప్పండి అప్పా."

"ఏటి జరుగుతాది? ఆదివారం గదా, అరసవల్లి గుడికెల్దామని నానూ మా గుంట సింధూరీ తెల్లారే లెగిసినాము. యంత్రానికి పసుపు రాసి బొట్టు పెట్టినాను. అది కడుపుకి అన్నం పెడతాంది, బొట్టు పెట్టందే గడప దాటను. ఎనిమిదింటి బస్సెక్కినాము."

"బొట్టు ఎక్కడ పెడతారు?"

"ఆ నల్లడబ్బాలుంటాయి గదా, మోటార్లంటారు, ఆటికి. మూడున్నాయి. పైనున్నదానికీ, పక్కనున్నదానికీ పెడతాను. ఎనకాల గోడ పక్కనున్నదానికి నా సెయ్యి అందదు. అది బోసిమొకంతోనే ఉంటాది."

"యంత్రం బాగానే నడుస్తోందా?"

"వారం నుంచీ పేచీ పెడతాంది. గీత పక్కకి జరిగిపోతాందమ్మా, మోటారు తడబడతాంది అన్నాడు. దాన్ని సూడబోతేనే గురువారం బిట్టు తగిలి బొటనేలు తెగింది. కుడిసెయ్యి. నాలుగు కుట్లు. అన్నం నానే కలిపి ముద్దలు పెట్టినాను, సిన్నప్పుడు లాగ."

భవాని ఆమె చేతికి నీళ్ల గ్లాసు అందించింది.

"తిరిగి ఎన్నింటికి వచ్చారు?"

"ఒంటిగంట ముప్పావు. మా త్రినాథ్ క్యూలో కనిపించినాడు, పన్నెండుంబావుకి. దేవుడల్లే వచ్చినావురా అన్నాను. కార్లో తెచ్చి దింపినాడు. షెడ్డు తలుపు తీసింది కూడా ఆడే." ఆవిడ చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

* * *

షెడ్డులో పనసచెక్క పొట్టు వాసన ఇంకా ఘాటుగానే ఉంది. నేల మీద సుద్దముక్కతో గీసిన మనిషి ఆకారం ఉంది, దాన్ని దాటి వెళ్లాలి. భవాని ఆ గీతని తొక్కకుండా పక్కనుంచి నడిచింది. యంత్రం నాలుగడుగుల బల్ల అంత ఉంది. బల్లకి అడ్డంగా ఒక దూలం, దూలం మీద ఎడమకీ కుడికీ జరిగే బండి, ఆ బండికి చెక్కని గీసే ఉక్కుమొన, బిట్టు. దూలాన్ని ముందుకీ వెనక్కీ జరపడానికి గోడవైపు ఇంకో మోటారు. బండిని ఎడమకీ కుడికీ నడిపే మోటారుని ఎక్స్ అంటారు, దూలాన్ని నడిపేదాన్ని వై అంటారు, పైనున్న మూడోది బిట్టుని ఎత్తి దించేది. బల్ల మీద బిగించి ఉంది పీట.

పీటని చూడగానే ఆమెకి ప్రాణం ఉసూరుమంది. పై భాగం నాలుగు వేళ్ల మేర చక్కగా చెక్కి ఉంది. అక్కడినుంచి కింద అంచుదాకా ఒకే ఒక గాడి, మంచి పనసచెక్కని నిలువునా కోసుకుంటూ పోయింది. గాడి చివర, పీట అంచు దగ్గర, బిట్టు అలాగే దిగబడి ఉంది.

సూరయ్య చెవికి డాక్టరు అక్కర్లేదు.

"ఏం లైన్‌మేడమ్, ఎక్స్‌చేంజీ ఇక్కడికి మార్చారా?"

గుమ్మంలో ఎస్సై దేవేంద్ర. ముప్ఫై దాటలేదు, చొక్కా మడత నలగలేదు, ఏ కేసైనా రెండోరోజుకి ముగిసిపోవాలని గట్టి నమ్మకం. కిందటేడు ఒక దొంగతనం కేసులో భవాని వేలుపెట్టి అతని లెక్క తప్పని తేల్చింది. అది అతను మరిచిపోలేదు.

"మీ కానిస్టేబుల్ని అడిగే లోపలికొచ్చాను. ఫోటోలు తీసుకోవడం అయిపోయిందన్నాడు."

"అయిపోయింది. కేసు కూడా అయిపోయింది. కంప్యూటర్ చూశారుగా? పని మొదలు పది అయిదుకి. పూర్తి పన్నెండు నలభై అయిదుకి. అంటే అప్పటిదాకా ప్రమోద్ బతికున్నాడు. పన్నెండు యాభైకి సూరయ్య గేటు దాటి పోవడం ఎదురింటి తాతమ్మ చూసింది. ఆ అయిదు నిమిషాల్లో తలుపు తీశాడు, కొట్టాడు, పోయాడు."

"కంప్యూటర్ పూర్తయింది అంటే పూర్తయినట్టేనా?"

"కంప్యూటర్ అబద్ధం చెబుతుందా?"

"చెప్పదు. దానికి తెలిస్తే కదా!" భవాని పీటకేసి చెయ్యి చూపించింది. "ఇవి స్టెప్పర్ మోటార్లు ఎస్సైగారూ. ఇన్ని అడుగులు వెయ్యి అని కంప్యూటర్ హుకుం ఇస్తుంది. వేసిందో లేదో వెనక్కి తిరిగి చూసుకోదు. ఖరీదైన వాటికి చూసే ఏర్పాటు ఉంటుంది, ఇంట్లో కట్టుకున్న దీనికి లేదు. ఎక్స్ మోటారు మధ్యలో ఆగిపోయింది. కంప్యూటర్‌కి ఆ సంగతి తెలీదు. గీతలు గీస్తున్నాననుకుంటూ చివరిదాకా లెక్క చదివేసి పూర్తి అని రాసుకుంది. ఆ లెక్క చదువుతున్నంతసేపూ బండి కదల్లేదు, దూలం ఒక్కటే ముందుకి జరిగింది. ఇదిగో, దాని ఫలితం."

దేవేంద్ర గాడికేసి చూశాడు. ఒప్పుకునే మొహం కాదది.

భవాని కళ్లజోడు సర్దుకుంది. సంచిలోంచి గోనెసూది తీసి, చెక్కిన భాగం అంచున ఒక్కొక్క గీతనీ మొనతో తడుముతూ లెక్కపెట్టింది. బిట్టు ఎడమనుంచి కుడికి ఒక గీత గీస్తుంది, వెంట్రుకవాసి ముందుకి జరిగి కుడినుంచి ఎడమకి ఇంకోటి గీస్తుంది. పొలం దున్నినట్టే. లెక్కపెట్టడం అయ్యాక మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది. ఎస్సై రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.

"కంప్యూటర్ లెక్కలో మొత్తం మూడువందల ఇరవై గీతల పని, నూట అరవై నిమిషాలు. గీతకి అర నిమిషం. ఎనభై అయిదు గీతలు బాగున్నాయి. ఎనభై ఆరోది సగంలో ఆగింది. అంటే నలభై మూడు నిమిషాలు. పది అయిదుకి కలపండి."

"పది నలభై ఎనిమిది. అయితే? యంత్రం పాడైంది అప్పుడు. హత్య అప్పుడే జరిగిందని ఎవరు చెప్పారు?"

"ఇది చెప్పింది." బల్ల అంచున ఉన్న పెద్ద ఎర్ర బటను మీద వేలు పెట్టింది. "నొక్కితే అంతా ఆగిపోతుంది. మనిషి నిలబడే చోటికి మూరెడు దూరం. రెండేళ్లు కూడబెట్టి కట్టుకున్న యంత్రం, ముచ్చటపడి తెచ్చుకున్న పనసచెక్క. కళ్లముందే బిట్టు దాన్ని చీలుస్తుంటే ప్రమోద్ రెండు గంటలసేపు చేతులు కట్టుకుని చూస్తాడా? ఈ బటను ఎవరూ నొక్కలేదు. నొక్కే మనిషి అప్పటికే నేల మీద పడున్నాడు."

భవాని గోనెసూదిని సంచిలో వేసుకుంది.

"పది నలభై రెండుకి సూరయ్య నరసన్నపేటలో ద్వారబందం ఎత్తుతున్నాడు. ఆ ఇంటివాళ్లు తీసిన వీడియో మీ దగ్గరే ఉంది. అక్కడినుంచి ఇక్కడికి గంటన్నర దారి."

"వీడియో చూశాను," దేవేంద్ర గొంతు కాస్త తగ్గింది. వెంటనే సర్దుకున్నాడు. "అసలు మోటారు ఎందుకు ఆగిందో చెప్పండి. అది తేలకుండా ఈ గీతల లెక్కతో నేను కోర్టుకి వెళ్తే జడ్జిగారు నవ్వుతారు."

ఆ మాటలో న్యాయం ఉంది. భవాని ఒప్పుకుంది.

మొదట తీగ చూసింది. ఎక్స్ మోటారునుంచి కంట్రోలు డబ్బాదాకా వెళ్లే తీగని అంగుళం అంగుళం వేళ్ల మధ్య నలుపుతూ వచ్చింది. లోపల తెగిన రాగి వేలికి మెత్తగా తెలుస్తుంది, అది ఆమె ముప్ఫై ఏళ్ల చదువు. ఎక్కడా తెగలేదు. కరెంటు పెట్టించింది. వై మోటారు ఇరుసుని వేళ్లతో తిప్పబోతే బిగుసుకుని ఉంది, కరెంటు అందుతున్నట్టు లెక్క. ఎక్స్ మోటారు ఇరుసు మాత్రం ఎటు తిప్పితే అటు తిరిగింది. కరెంటు తీయించి, ఎక్స్ తీగని వై డ్రైవర్‌కి తగిలించి, మళ్లీ పెట్టించింది. బిట్టుని గాడిలోంచి పైకెత్తి, కంప్యూటర్లో మీట నొక్కగానే బండి ఈల వేస్తూ ఎడమనుంచి కుడికి పరిగెత్తింది. చచ్చిపోయిన మనిషి షెడ్డులో ఆ ఈల వినలేక కానిస్టేబులు బయటికి పోయాడు.

"తీగ మంచిది. మోటారు మంచిది. మోటారుకి కరెంటు పంచే డ్రైవర్ పోయింది." డబ్బా మూత తీసి టార్చి వేసింది. అరచేతిలో పట్టే పలక. దాని మీద నల్ల చిప్పు నడుమ ఆవగింజంత గుంట, చుట్టూ మసి. "కరెంటు ఉండగా మోటారు ప్లగ్గు లాగేశారు. అలా లాగితే ఇదిగో ఇలా పేలుతుంది. తరవాత ప్లగ్గు మళ్లీ పెట్టేశారు, ఎవరూ ముట్టుకోనట్టు కనిపించాలని."

దేవేంద్ర మొహం వెలిగింది. "మీరే చెప్పారు చూడండి! పని తెలిసినవాడు ఎవడైనా అలా లాగుతాడా? తెలియని మొద్దు ఎవడో—"

భవాని అతని మాట వినడం లేదు. కరెంటు ఉండగా ప్లగ్గు పీకకండి. గేటు దగ్గర, అడగకుండా, ఆ మాట చెప్పిన మనిషి గుర్తొచ్చాడు.

"నా బొట్టు ఎనక్కెలా ఎల్లినాది?"

మహాలక్ష్మమ్మ గుమ్మం పట్టుకుని నిలబడుంది. ఈల విని కొడుకు యంత్రం లేచిందేమో అనుకుని నడిచొచ్చింది పిచ్చితల్లి. ఆవిడ చూపు గోడ పక్కనున్న వై మోటారు మీద ఉంది. టార్చి వెలుగులో దాని మొహాన పసుపూ, మధ్యలో ఎర్రటి బొట్టూ నిగనిగలాడుతున్నాయి. పక్కనున్న ఎక్స్ మోటారు నల్లగా, బోసిగా ఉంది.

"నా సెయ్యి అక్కడికి అందదు తల్లీ. ఎవులు పెట్టినారు?"

"బొట్టు ఎవరూ పెట్టలేదప్పా. మోటారే మారింది." భవాని వెనక్కి తిరిగింది. "ఎస్సైగారూ, ఒక పక్క కదలిక పేచీ పెడితే ఈ పని వచ్చినవాడు చేసే మొదటి పరీక్ష ఇది. రెండు మోటార్లూ అటుదిటు ఇటుదటు మారుస్తాడు. జబ్బు మోటారుతో పాటు వెళ్తే మోటారుది తప్పు, అక్కడే ఉంటే తీగదో డ్రైవర్‌దో తప్పు. ఒక్కో మోటారుకి నాలుగు మరలు. నాలుగు కుట్లు పడ్డ కుడి బొటనవేలితో ప్రమోద్ వాటిని ఊడదీయలేడు. ఎనిమిదింటి బస్సుకి ముందు ఈవిడ బొట్టు పెట్టాక, పది అయిదు లోపల, పని తెలిసిన మనిషి ఒకడు ఇక్కడికొచ్చి వీటిని మార్చాడు."

దేవేంద్ర వంగి రెండు మోటార్లకీ టార్చి వేసి చూశాడు.

"యంత్రం చివరిదాకా సవ్యంగా నడిచింది, పన్నెండు నలభై అయిదుకి పని పూర్తయింది అని మీకు రాసిచ్చింది ఎవరు?"

ఎస్సై జేబులోంచి మడత కాగితం తీశాడు. విప్పి, కింద సంతకం చూసి, ఆమెకే అందించాడు. త్రినాథ్.

"ఈ యంత్రం కట్టింది ఎవరప్పా? ప్రమోద్ ఒక్కడేనా?"

"ఒక్కడికి ఏటి తెలుసు? బావా బామ్మర్దీ కలిసి కట్టినారు. ప్రతి తీగా త్రినాథే వేసినాడు."

భవాని కాగితం తిరిగి ఇచ్చేసింది. "తెలియనివాడు ఈ మాట రాసిస్తే పొరపాటు. తీగ తీగా తన చేత్తో వేసినవాడికి దీనికి కళ్లు లేవని తెలుసు. యంత్రాన్ని ఆపకుండా కావాలనే వదిలేసి, అరసవల్లి వెళ్లి మేనత్త పక్కన క్యూలో నిలబడ్డాడు. పన్నెండు నలభై అయిదుకి తన పక్కన సాక్షులుండాలి కదా."

"అప్పుడు ప్లగ్గు అలా ఎందుకు పీకుతాడు మేడమ్? తెలిసినవాడేగా?" ఇప్పుడు ఎస్సై గొంతులో వెటకారం లేదు.

"ఒళ్లు తెలియని కోపంలో పీకాడు. ఇది చెక్కుతున్నదాన్ని ఆ క్షణాన ఆపెయ్యాలి, అంతే. ఎర్ర బటను కూడా గుర్తు రాలేదు."

బల్ల మీదున్న కుంచె తీసి పీట మీది పొట్టు తుడిచింది. పై అంచున లతల మధ్య అక్షరాలు బయటపడ్డాయి. కింది కొసలు పూర్తి కాలేదు గాని చదవడానికి చాలు. ఎడమ పక్క చి.ల.సౌ. సింధూరి. కుడి పక్క చి. రమేష్‌బాబు.

"ఇది పెళ్లిపీట," అంది భవాని. "రమేష్‌బాబు ఎవరప్పా?"

మహాలక్ష్మమ్మ గుమ్మం మీద కూర్చుని చెప్పింది. "రాజాం సంబంధం. గుంటకి నచ్చినాడు. ఈ నెలాఖరికి తాంబూలాలు. ఎవులికీ సెప్పనేదు. మేనబావని నానుండగా పైసంబంధం ఎలా సూస్తారని త్రినాథ్ ఉగాది నాడే గొడవ సేసినాడు. గుంట ఆణ్ని అన్నలాగే సూసినాది, నానొల్లనని ఏడ్చినాది. నోటితో సెప్పలేనమ్మా, బావకి ఎలాగోలా తెలియజేస్తానులే అన్నాడు ప్రమోదు. ఇలగ తెలియజేస్తాడని..."

భవాని కళ్లముందు అంతా ఆడింది. పొద్దున్నే పిలిస్తే పరిగెత్తుకొచ్చిన బావ. మరలు విప్పి మోటార్లు మార్చి, నడుం వంచి తన చేత్తో బాగుచేసిన యంత్రం. అది ఈల వేసుకుంటూ గీత వెంట గీత అతని కళ్లముందే ఇంకొకడి పేరు రాస్తూ వచ్చింది. పక్కన నోరు పెగలని ప్రమోద్. చేతికందే దూరంలో సూరయ్య సుత్తి. జాలి వేసింది ఒక్క క్షణం. నేల మీది సుద్దగీత చూశాక అది కూడా నిలవలేదు.

దేవేంద్ర ఫోన్ తీశాడు. "హెడ్డుగారూ, సూరయ్య రిమాండు కాగితాలు ఆపండి. అవును, నేనే చెబుతున్నాను. ముసలాయనకి భోజనం తెప్పించండి." భవాని వైపు చూడకుండానే అన్నాడు, "రెండూ ఇరవై అయింది మేడమ్. అయిదు ఇంకా కాలేదు."

రెండేళ్లుగా గుండె మీద కూర్చున్న బరువు కాస్త పక్కకి జరిగినట్టైంది ఆమెకి. సరిగ్గా ఒక్క ఊపిరి పీల్చుకుంది. మరుక్షణం గేటు దగ్గరి తెల్ల కారు గుర్తొచ్చింది.

"సింధూరి! ఆ కార్లో సింధూరి ఉంది. ఆస్పత్రిలో మీ మనిషి ఎవరున్నారు?"

ఎస్సై మళ్లీ నంబరు నొక్కి స్పీకరు పెట్టాడు. విజయనగరం మార్చురీ దగ్గర కాపలా ఉన్న కానిస్టేబులు పలికాడు. "లేదు సార్. పొద్దుటినుంచి ఇక్కడే ఉన్నాను. ఆ బాడీ కోసం ఎవరూ రాలేదు సార్."

పన్నెండున్నరకి బయల్దేరారు. గంట దారి కూడా కాదు. గీతలు లెక్కపెడతానని అతనితో చెప్పిందెవరు? తనే. కార్డు ఇచ్చి ఆ పిల్లని అతని పక్క సీట్లో సాగనంపిందెవరు? తనే. ఒక మనిషిని బయటికి లాగడానికి కూర్చుని రెండు గంటలు ఇంకో మనిషిని మరిచిపోయింది.

భవాని చేతిలో ఫోన్ మోగింది. కొత్త నంబరు. అంకెలు పైకి చదివింది. మహాలక్ష్మమ్మ తల ఎత్తి చూసి, "అది మా గుంట నంబరే," అంది ఆశగా.

భవాని స్పీకరు నొక్కింది. వెనక గాలి హోరు, కారు పోతున్న చప్పుడు.

"మేడమ్," త్రినాథ్ గొంతు. కోపం లేదు, తొందర లేదు, బాగా అలసిపోయిన మనిషి గొంతు. "గీతలు లెక్కపెడతానన్నారు గదా. ఎన్నొచ్చినాయి?"

దేవేంద్ర చేతులతో సైగ చేశాడు, మాట్లాడించమని. బయటికి పరిగెత్తి జీపు తియ్యమని కేక పెట్టాడు.

"ఇంకా తేలలేదు బాబూ," అంది భవాని. ఫోన్ బల్ల మీద పీట పక్కన పెట్టింది. "మధ్యలో లెక్క తప్పింది. మళ్లీ మొదటినుంచి మొదలెట్టాను. ఆస్పత్రికి చేరారా?"

అటునుంచి గేరు మారిన చప్పుడైంది.

"కష్టపడకండి మేడమ్. నేను సెబుతాను. ఎనభై అయిదు పూర్తయినాయి. ఎనభై ఆరోది సగంలో ఉన్నాది."

వెనకనుంచి నిద్ర కళ్లతో లేచినట్టున్న ఆడపిల్ల గొంతు, దగ్గరగా, ఏ అనుమానమూ లేకుండా వినిపించింది.

"ఎవులు బావా ఫోన్లో? ఆస్పత్రి రోడ్డు ఎప్పుడో దాటిపోనాం గదా, ఎక్కడికెల్తన్నాం?"